కట్టె, కొట్టె, తెచ్చె అంటే సరిపోదు: పొయ్యి కట్టెకూ ఒక లెక్క ఉండాలి



రామాయణం మొత్తం మూడు ముక్కల్లో చెప్పమంటే పెద్దోళ్లు "కట్టె, కొట్టె, తెచ్చె" అన్నారు. మన ఊళ్లల్ల పొయ్యి కట్టె కథ కూడా ఆ మూడు ముక్కల్లోనే అయిపోతుంది. కట్టె కనపడింది, కొట్టినం, తెచ్చినం. అంతే. అది ఎండిందా, చీల్చినమా, తడవకుండా పెట్టినమా, దాని మీద ఎవరి కష్టం ఎంత పోయింది అన్న లెక్క ఎవరూ వేయరు.

యూరియా బస్తాకు లెక్క రాసుకుంటాం. డీజిల్‌కు రాసుకుంటాం. కలుపు కూలికి రాసుకుంటాం. పొయ్యి కట్టె దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అదేముంది, ఊరికే వస్తది" అంటాం. నేను చెప్పదలచుకున్నది ఇదే. కట్టె ఊరికే రాదు. ఎండాకాలంలో చీల్చి, ఎండబెట్టి, పొడిగా దాచుకున్న కట్టె లాభం. ఏ రోజుకారోజు వెతుక్కొచ్చి పచ్చిపచ్చిగా పొయ్యిలో పెట్టే కట్టె గ్యాస్ కంటే ఖరీదు. ఆ ఖరీదు మన జేబులోంచి పోదు, ఇంట్లో ఆడోళ్ల నడుములోంచి, కళ్లలోంచి, ఊపిరితిత్తుల్లోంచి పోతుంది. అందుకే మనకు కనపడదు.

ముందు గ్యాస్ సంగతి చూద్దాం.

2025 ఏప్రిల్‌లో 50 రూపాయలు పెంచిన తర్వాత హైదరాబాద్‌లో 14.2 కిలోల సిలిండర్ ధర 905 రూపాయలయింది. 2023 ఆగస్టుకు ముందు ఇదే సిలిండర్ 1,155 ఉండె. తగ్గుతది, పెరుగుతది, మన చేతుల్లో లేదు. దేశంలో వాడే వంట గ్యాస్‌లో సగానికి పైగా బయటి దేశాల నుంచే రావాలి. ఎక్కడో సముద్రం అవతల గొడవైతే మన వంటింట్లో లెక్క మారిపోతుంది. ఉజ్వల కనెక్షన్ ఉన్నోళ్లకు కేంద్రం సిలిండర్‌కు 300 రూపాయలు ఇస్తున్నది. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి మహాలక్ష్మి కింద 500 రూపాయల సిలిండర్ పథకం ఉంది, కానీ ముందు మొత్తం పైసలు కట్టాలి, సబ్సిడీ తర్వాత ఖాతాలో పడుతుంది. ఆంధ్రలో 2024 నవంబర్ నుంచి దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ఇవన్నీ మంచివే. కానీ దేశం మొత్తం మీద ఉజ్వల ఇండ్లు సగటున ఏడాదికి వాడుతున్నవి నాలుగైదు సిలిండర్ల లోపే. అంటే ఏమిటి? పొయ్యి వంటింటి మూలన ఇంకా మండుతూనే ఉంది. గ్యాస్ వచ్చింది కాబట్టి కట్టె గురించి మాట్లాడే పని లేదనుకునేటోళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు లెక్క. కాగితం, పెన్ను తీసుకోండి.

ఒక కిలో గ్యాస్‌లో దాదాపు 11,000 కిలో క్యాలరీల వేడి ఉంటుంది. గ్యాస్ స్టవ్ మీద అందులో నూటికి 60 పాళ్లు గిన్నెకు చేరుతాయనుకుందాం. 14.2 కిలోల సిలిండర్ నుంచి గిన్నెకు అందేది 93 వేల పైచిలుకు. బాగా ఎండిన కట్టె కిలోకు 3,500 దాకా ఉంటుంది. కానీ మూడు రాళ్ల పొయ్యి మీద అందులో గిన్నెకు చేరేది నూటికి 10 నుంచి 15 పాళ్లే. మిగిలిందంతా పక్కలకు, పైకి, పొగలోకి పోతుంది. 13 పాళ్లు వేసుకుంటే కిలో కట్టెకు 455. 93 వేలను 455తో భాగించండి. రెండు క్వింటాళ్ల పైన వస్తుంది.

అంటే ఒక సిలిండర్ చేసే పని చేయాలంటే మామూలు పొయ్యికి రెండు క్వింటాళ్ల ఎండు కట్టె కావాలి. సిలిండర్ 905 అయితే కట్టె కిలో నాలుగున్నర రూపాయలు దాటితే కొనడం నష్టం. మీకు సిలిండర్ 500కే పడుతుంటే రెండున్నర దాటితేనే నష్టం. మీ దగ్గర అడితిలో ధర ఎంతో మీకే తెలుసు, వేసి చూసుకోండి.

ఇది ఎండు కట్టె లెక్క. అప్పుడే కొట్టిన పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే. తూకం మీద పచ్చి కట్టె కొన్నామంటే సగం పైసలు నీళ్లకు పెట్టినట్టే. ఆ నీళ్లను ఆవిరి చేయడానికే పొయ్యి వేడిలో కొంత పోతుంది. మంట సరిగా రాదు, పొగ వస్తుంది. సిలిండర్‌కు సమానం కావాలంటే పచ్చి కట్టె మూడున్నర క్వింటాళ్లు పైనే కావాలి.

"మేం కొనం కదా, బాయి కాడినుంచి తెచ్చుకుంటం" అంటారు. సరే. ఆడమనిషి నెత్తిన మోసుకొచ్చే మోపు 20 కిలోలనుకుందాం. రెండు క్వింటాళ్లంటే 10 మోపులు. వెతికి, కొట్టి, కట్టి, మోసుకొచ్చేసరికి ఒక్కో మోపుకు సగం పూట కాదు, సగం రోజు పోతుంది. 10 మోపులకు ఐదు రోజులు. కూలి 300 వేసుకున్నా 1,500 రూపాయలు. 905 రూపాయల సిలిండర్ మిగిలించడానికి 1,500 రూపాయల కష్టం పెట్టినం. పచ్చి కట్టె అయితే ఈ లెక్క ఇంకా ఘోరం. కలుపుకు పోతే కూలి అంటాం, అదే మనిషి కట్టెకు పోతే పని అని కూడా అనం.

అట్లని కట్టె మానేయాలని నేను అనడం లేదు. ఎక్కడ వాడాలో, ఎట్ల తయారు చేసుకోవాలో తెలిస్తే కట్టె మనకు నిజంగానే పైసలు మిగిలిస్తుంది.

ఎక్కడ వాడాలి? నా లెక్కలో మొదటిది స్నానం నీళ్లు. నలుగురికి నాలుగు బకెట్లు, ఒక్కోటి 20 లీటర్లు, 20 డిగ్రీలు వేడెక్కాలంటే గ్యాస్ మీద రోజుకు పావు కిలో దగ్గర పడుతుంది. అంటే రెండు నెలలు తిరక్కముందే ఒక సిలిండర్ ఒట్టి స్నానం నీళ్లకే అయిపోతుంది. అదే పని కట్టెతో చేస్తే రోజుకు మూడున్నర కిలోల ఎండు కట్టె. చలికాలం నాలుగు నెలలకు నాలుగు క్వింటాళ్ల పైచిలుకు. బర్లకు దాణా ఉడకబెట్టడం, వడియాల పిండి, పండుగకు అరిసెలు, నలుగురు చుట్టాలొస్తే పెద్ద గిన్నె వంట, ఇవన్నీ కలుపుకుంటే ఒక ఇంటికి ఏడాదికి ఐదారు క్వింటాళ్లు. ఇవన్నీ ఆరుబయట, గాలి ఆడే చోట చేసే పనులే. నాలుగు గోడల మధ్య రోజూ వండే అన్నం, కూర మాత్రం గ్యాస్ మీదే వండాలి. ఈ విషయంలో నేను గట్టిగానే చెప్తున్న.

ఎందుకంటే, ఇండ్లలో కట్టె, పిడకల పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన ఊళ్లల్ల ముసలమ్మల దగ్గు చూసి "బీడీ తాగలే, సుట్ట తాగలే, ఈ దగ్గు ఏందో" అనుకుంటాం. 40 ఏండ్లు పొయ్యి ముందు కూసొని గొట్టంతో ఊదిన మనిషి ఆమె. 1980లలో సర్కారు పొగరాని పొయ్యిలు కట్టించింది. గొట్టంలో మసి పేరుకుంటే తీసేటోడు లేక, పగిలితే అతికేటోడు లేక చాలాచోట్ల అవి మూలకు పడ్డాయి. పొయ్యి బాగుండడం ఎంత ముఖ్యమో దాన్ని చూసుకోవడం కూడా అంతే ముఖ్యం.

ఇగ కట్టె తయారీ. ఇది మగోళ్ల పని కావాలన్నది నా అభిప్రాయం. కోపమొస్తే రానీయండి. ఏడాది కట్టె అంతా ఎండాకాలంలో పది పదిహేను రోజులు పొద్దుపొద్దున్నే రెండు గంటలు పనిచేస్తే తయారవుతుంది. ఆ పని మనం చేయకపోతే ఇంటామె 365 రోజులు కొంచెం కొంచెంగా చేస్తది, అదీ వానలో తడుస్తూ.

ఎప్పుడు చేయాలంటే, ఫిబ్రవరి, మార్చిలో కొట్టి చీల్చాలి. ఏప్రిల్, మే ఎండలకు వదలాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్లను పగలగొట్టే ఎండ కట్టెలో నీళ్లను ఉంచుతదా? మృగశిర కార్తె లోపు కప్పు కిందికి చేరాలి. జూన్‌లో తొలకరి పడ్డాక కట్టె కోసం ఉరికేటోడు దుక్కి కూడా పోగొట్టుకుంటాడు.

చెట్టు కొట్టే ముందు ఒక మాట. మన పొలంలో చెట్టయినా 2002 వాల్టా చట్టం ఉంది, అనుమతి సంగతి కనుక్కోండి. అసలు పచ్చని చెట్టు కొట్టే పనే చాలామందికి ఉండదు. గట్ల మీద అల్లుకున్న సర్కారు తుమ్మ, గాలికి విరిగిన వేప కొమ్మలు, మామిడి తోటలో కత్తిరించిన కొమ్మలు, పత్తి కట్టె, కంది కట్టె చాలు. సర్కారు తుమ్మ మంట మంచిది, నిప్పు నిలుస్తుంది. ముళ్లు మాత్రం జాగ్రత్త. కంది కట్టె, పత్తి కట్టె తొందరగా అంటుకుంటాయి, తొందరగా అయిపోతాయి. పొయ్యి రాజేయడానికి, నీళ్లు కాయడానికి పనికొస్తాయి. గన్నేరు కట్టె పొయ్యిలో పెట్టొద్దు, అది విషం. నిప్పు అంటుకోవడానికి పాలిథిన్ కవర్లు, టైరు ముక్కలు వేసే అలవాటు మానండి.

చీల్చడం పచ్చిగా ఉన్నప్పుడే సులువు. తుమ్మ మొద్దు ఎండిందంటే గొడ్డలి ఎగిరి పడుతుంది. మొక్కగా వంగనిది మానుగా వంగదన్నట్టు, పచ్చిగా చీలని మొద్దు ఎండినాక అసలే చీలదు. మూరెడు పొడవు ముక్కలు కోసుకోండి. కింద వెడల్పాటి మొద్దు పెట్టి దాని మీద నిలబెట్టండి. తలమీద సన్నగా పగులు ఎటు ఉందో చూసి ఆ గీత మీదే వేయండి. కణుపు ఉన్న చోట కొట్టొద్దు, దాని పక్కనుంచి రండి. పెద్ద మొద్దు మధ్యలో చీలకపోతే అంచుల నుంచి చెక్కలు తీసుకుంటూ లోపలికి రావాలి, లేదంటే ఇనుప మేకు దిగ్గొట్టి సమ్మెటతో కొట్టాలి. గొడ్డలి పిడి వదులుగా ఉందా అని రోజూ చూసుకోండి. కాళ్లకు చెప్పులు కాదు, బూట్లు ఉండాలి. ఎదురుగా మనుషులు, చుట్టూ పిల్లలు ఉండొద్దు.

ఎందుకు చీల్చాలి అంటే, బెరడు నీళ్లను లోపలే పట్టి ఉంచుతుంది. తొడ లావు దుంగను చీల్చకుండా ఎండలో పడేస్తే పైన ఎండినట్టు కనపడుతుంది, నడుమ పచ్చిగానే ఉంటుంది. చీల్చితే లోపలి భాగం గాలికి, ఎండకు తెరుచుకుంటుంది. మణికట్టు లావు చెక్కలైతే మన ఎండలకు రెండు మూడు నెలల్లో ఎండిపోతాయి. మంట కూడా సన్న చెక్కలతోనే మంచిగా వస్తుంది.

పేర్చడం కూడా తెలివిగా చేయాలి. నేల మీద పెడితే కింద వరస చెదలకు. జానెడు ఎత్తు రాళ్లో, పాత దుంగలో వేసి వాటి మీద పేర్చండి. చెక్కకు చెక్కకు మధ్య గాలి ఆడాలి. వానాకాలంలో పైన మాత్రం రేకు గానీ, తాటాకు గానీ, తాడిపత్రి గానీ కప్పండి. పక్కలు మూయొద్దు. మనోళ్లు చేసే పెద్ద తప్పు ఇదే, తాడిపత్రి తెచ్చి పెండ్లి కూతురికి ముసుగేసినట్టు చుట్టూ కప్పేస్తారు. లోపల ఆవిరి పట్టి కట్టె బూజెక్కుతుంది. ఇంటి గోడకు ఆనించి పెట్టొద్దు, చెదలు గోడలోకి ఎక్కుతాయి. పాములు, తేళ్లు కట్టె సందుల్లోకి చేరతాయి కాబట్టి వాకిలికి, పడకకు దూరంగా ఉండాలి. చీకట్లో చెయ్యి పెట్టి లాగొద్దు. లైటు వేసుకొని, కర్రతో కదిలించి, పైనుంచి తీయాలి. ఈ మాట పిల్లలకు కూడా చెప్పండి. పోయినేటి కట్టె ముందు వాడాలి, ఈ ఏటిది తర్వాత.

కట్టె ఎండిందో లేదో తెలుసుకోవడానికి మిషన్లు అక్కర్లేదు. రెండు చెక్కలు కొట్టి చూడండి. ఎండితే ఖణేల్‌మంటుంది, పచ్చిదైతే దబ్‌మంటుంది. కోసిన చివర్లలో పగుళ్లు వస్తాయి, బెరడు ఊడుతుంది, చేతిలో తేలికవుతుంది. పొయ్యిలో పెట్టినప్పుడు చివర నుంచి నురగ వస్తే అది ఇంకా పచ్చిదే.

ఇప్పుడు పత్తి రైతులతో ఒక మాట. ఎకరం పత్తి చేనులో దాదాపు ఒక టన్ను కట్టె వస్తుంది. పైన చెప్పిన లెక్కలో అది నాలుగైదు సిలిండర్ల పని. ఏడాదికి ఒక ఇంటి బయటి పొయ్యికి కావలసిన ఐదారు క్వింటాళ్లు అర ఎకరం పైచిలుకు చేనులోనే దొరుకుతుంది. మనమేం చేస్తున్నం? ఒక్క అగ్గిపుల్లతో చేనంతా తగలబెట్టి, ఇంటికొచ్చి సిలిండర్ ధర పెరిగిందని తిడుతున్నం.

కానీ పత్తి కట్టె ఇంటికి తేవడంలో ఒక ప్రమాదం ఉంది. ఎండిన, విచ్చుకోని కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కొని ఉంటుంది. కాయలతో సహా కట్టె తెచ్చి చేను పక్కనే కుప్ప పెడితే, వచ్చే వానకాలం పంటకు పురుగును మనమే దాచిపెట్టినట్టు. అందుకే చివరి ఏరుడు కాగానే కట్టె పీకండి, కాపు కోసం నెలల తరబడి నిలపొద్దు. కాయలు, గుల్లలు దులిపి అక్కడే కాల్చేయండి. ఒట్టి కట్టెనే మోపులు కట్టి చేనుకు దూరంగా పెట్టండి. ముందు ఈ కట్టెనే వాడుకొని, కొత్త పత్తి పూతకొచ్చేలోపు అయిపోగొట్టండి. తుమ్మ చెక్కలు చలికాలానికి మిగలనీయండి.

అట్లని చేనులో కట్టె అంతా ఇంటికే తేవాలని కాదు. కట్టెను ముక్కలు చేసే మిషన్ దొరికితే మిగిలిందంతా భూమిలోనే కలపండి. ఇంటికి కావలసినంత ఇంటికి, మిగిలింది మట్టికి. తగలబెడితే ఇద్దరికీ లేదు. పొయ్యిలో బూడిద కూడా పారేయొద్దు, అందులో పొటాష్ ఉంటుంది. పెరట్లో కూరగాయల పాదులకు, కొబ్బరి మొదళ్లకు వేయండి. యూరియాతో మాత్రం కలపొద్దు, నత్రజని గాలిలో కలిసిపోతుంది.

"గింత లెక్క ఎవడు చూస్తడే, మా తాతలు చూసిండ్రా?" అని ఒకరిద్దరు అడుగుతారు. తాతల కాలంలో కట్టెకొట్టం అని వేరే ఉండేది. వానకాలానికి కట్టె, పిడకలు నిండా పెట్టుకోనిదే దుక్కి మొదలుపెట్టేటోళ్లు కాదు. లెక్క మానేసింది మనమే. గ్యాస్ వచ్చింది కదా అని కొట్టం పడగొట్టినం, గ్యాస్ అయిపోయినప్పుడు ఇంటామెను కంప కోసం గట్ల మీదికి పంపుతున్నం.

"కట్టెల పొయ్యి మీద వండితేనే కూర రుచి" అనేటోళ్లు కూడా ఉన్నారు. ఒప్పుకుంటా. ఆదివారం మటన్ బయట పొయ్యి మీదే వండుకుందాం. రుచి కావాలన్నోడే ఆ పొయ్యి ముందు కూసోవాలి, అది మాత్రం నా షరతు.

ఇంత చెప్పినా చేయాల్సింది కొంచెమే. ఈ ఎండాకాలం మీ ఇంటికి ఎంత కట్టె కావాలో ఇంటామెను అడిగి రాసుకోండి. ఆమెకు తెలిసినంత మనకు తెలియదు. అంత కట్టె చీల్చి, రాళ్ల మీద పేర్చి, ఎండనివ్వండి. మృగశిర వచ్చేలోపు పైన కప్పు వేయండి. వడ్లు కొలిచి గాదెలో పోసినట్టే కట్టె కూడా తూకమేసి పెట్టండి. వచ్చే సంక్రాంతి నాటికి ఎన్ని సిలిండర్లు మిగిలినయో, ఎన్ని మోపులు మోయకుండా తప్పినయో రెండూ పక్కపక్కన రాసి చూసుకోండి. ఏది ఊరికే వచ్చిందో, ఏది రాలేదో అప్పుడు మీకే తెలుస్తది.